ఏడు రోజుల చేప

అండమాన్ వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి మా అపార్ట్‌మెంటులో అందరిదీ ఒకటే ప్రశ్న, ఆ జైలు చూశారా అని. చూడలేదు. పోనీ అద్దాల పడవెక్కి పగడాలు చూశారా అంటారు. అదీ లేదు. మరేం చూశారండీ అంటే, ఒక ఉప్పుటేటి ఒడ్డున కూర్చుని కంటికి కనబడని చేప గొంతు విని వచ్చానని చెప్పాలి. అది చెప్పేసరికి ఎదుటివాళ్ల మొహంలో జాలి కనబడుతుంది. అందుకే ఇలా రాసి పెట్టుకుంటున్నాను. ఇకమీదట ఎవరైనా అడిగితే ఇది చేతిలో పెట్టి నేను కాసేపు నడుం వాల్చవచ్చు.

విశాఖపట్నంలో సముద్ర జీవశాస్త్రం పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. రిటైర్మెంటు దగ్గరకొచ్చింది. మోకాళ్లు నాకంటే ముందే రిటైరయ్యాయి. నా దగ్గర ఆఖరుగా పరిశోధన చేస్తున్న అమ్మాయి హిమజ. మాయాబందర్ అవతల ఒక ఉప్పుటేటి అడుగున మేం పెట్టించిన మైకు ఉంది. నీళ్లలో వినబడే ప్రతి చప్పుడునీ అది పోగుచేసి, ఫోన్ సిగ్నల్ దొరికినప్పుడల్లా మాకు పంపుతూ ఉంటుంది. ఏడాదిన్నర చప్పుడు వినాలంటే మనిషికి ఏడాదిన్నర కావాలి. తిండీ నిద్రా మానేసినా అంతే. అందుకని ఆ వినే పని ఒక ఏఐ ప్రోగ్రాముకి అప్పగించాం. బోటు ఇంజన్లు, మాటలు, దెబ్బల చప్పుళ్లు, అంటే మనిషి చేసే గోల ఏదైనా సరే ముందు తీసేసి, మిగిలినదాంట్లో ఏముందో చూడమని నేర్పాం. మా రంగంలో అందరూ చేసే పనే.

అది ఒక్క రాత్రిలో ఏడాదిన్నరనీ వినేసి, ఇంతవరకూ ఎవరూ నమోదు చెయ్యని ఒక చేప గొంతు ఉందని చెప్పింది. అంతటితో ఆగితే బాగుండేది. ఆ చేప ఆరు రోజులు పలికి ఏడో రోజు మౌనంగా ఉంటుందని, మళ్లీ ఆరు రోజులు పలుకుతుందని కూడా చెప్పింది. పోటుకీ చంద్రుడికీ లొంగే ప్రాణులు మాకు తెలుసు. ఖచ్చితంగా ఏడు రోజుల లెక్క పాటించే చేప మాత్రం కొత్త. ఎందుకలా అని హిమజ ఆ ప్రోగ్రామునే అడిగితే ఐదు కారణాలు చెప్పింది. రొయ్య పిల్లల రాకపోకలనీ, వెన్నెల పక్షాలనీ, అలా ఐదూ. ఐదూ బాగానే ఉన్నాయి.

హిమజ రాసిన వ్యాసం అచ్చుకి పత్రికవాళ్లు దాదాపు ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు, ఎవరో ఒకరు ఆ చోటికి వెళ్లి తమ చెవులతో విని, విన్నామని సంతకం పెట్టాలి. వచ్చే నెలలో హిమజకి ఉద్యోగం ఇంటర్వ్యూ. వ్యాసం చేతిలో ఉంటే ఉద్యోగం వచ్చినట్టే, లేకపోతే రానట్టే. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల స్కూటీ మీంచి పడి కాలికి సిమెంటు కట్టు వేయించుకుంది. దాంతో ప్రయాణం నా నెత్తిన పడింది.

బ్రూక్షాబాద్‌లో టమాటా

పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. బోర్డుల మీద కొత్త పేరుంది, జనం నోట్లో మాత్రం పాతదే నలుగుతోంది. ఊరి చివర బ్రూక్షాబాద్‌లో అప్పారావు మాస్టారి ఇంట్లో దిగాను. మా పిన్ని తరఫు దూరపు బంధువు. శ్రీకాకుళం నుంచి టీచరుగా వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఎడం పక్కింట్లో తమిళులు, కుడి పక్కింట్లో బెంగాలీలు, ఎదురింట్లో రాంచీ వాళ్లు. అందరూ అందరితోనూ హిందీలోనే పోట్లాడుకుంటారు.

మాస్టారి భార్య రమణమ్మగారు కోనాం చేప వేయించి, పులుసు పెట్టి, కొబ్బరి పచ్చడి చేసి విస్తరి నింపేశారు. పప్పులో మాత్రం టమాటా ఒక్క ముక్క కనబడింది. నేను దాన్ని చూడడం ఆవిడ చూశారు.

"షిప్పు లేటయినాదమ్మా. మార్కెట్లో టమాటా కిలో కోనాం కంటే మహంగా ఉన్నాది. మీకోసం ఒక్కటి ఏసినాను" అన్నారు.

మా విశాఖలో చేపలు కొనలేక టమాటా పప్పు వండుకుంటాం. ఇక్కడ టమాటా కొనలేక చేపలు వండుకుంటున్నారు. ఆ ముక్కని గౌరవంగా ఆఖర్న తిన్నాను.

సాయంత్రం అయిదు దాటేసరికి చీకటి పడిపోయింది. దేశం మొత్తానికీ ఒకటే గడియారం కాబట్టి ఇక్కడ సూర్యుడు మన కంటే చాలా ముందు లేచి, మనం టీ తాగే వేళకి వెళ్లిపోతాడు. నా ఒంటికి అది రాత్రో సాయంత్రమో అర్థం కాలేదు. వరండాలో కూర్చుని మాస్టారు నేనొచ్చిన పని అడిగారు. చెప్పాను.

"మెషినే కనిపెట్టీసినాదంటే ఇంక మీరు దేనికమ్మా, ఇంత దూరం పడి రావడం?"

"అది చెప్పింది నిజమో కాదో చూడడానికి మాస్టారూ."

ఆయన తల పంకించారు. "అంటే ఇప్పుడు అది సైంటిస్టు, మీరు దాని చప్రాసీ. సంతకం కోసం ఫైలు పట్టుకు తిరగడం."

రమణమ్మగారు ఆయన్ని కసిరారు. నేను నవ్వాను గానీ ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. నా చిన్నప్పుడు, అంటే ముప్పయ్యేళ్ల వయసులో, ట్రాలర్ అంచు మీంచి మైకు తాడు నీళ్లలోకి వదిలి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, వాంతులు చేసుకుంటూ వినేదాన్ని. అలా ఏళ్ల తరబడి విని కూడా కొత్త గొంతు ఒక్కటీ పట్టుకోలేదు. ఇప్పుడు అది ఒక రాత్రిలో పట్టేసింది. దాని మీద నాకు కోపం లేదు. అలసటగా ఉందంతే.

బస్సులో అవ్వ సందేశం

ఉత్తరానికి వెళ్లే బస్సు తెల్లవారకముందే బయల్దేరింది. అడవి మొదలయ్యే గేటు దగ్గర బళ్లన్నీ ఆపి, వరసలో కలిపి ఒకేసారి వదులుతారు. కిటికీలు తెరవకూడదు, ఫోటోలు తియ్యకూడదు, ఎక్కడా ఆగకూడదు. ఆ అడవిలో ఉండే ఆదిమ తెగవాళ్లని మన చూపుల నుంచి కాపాడడానికి ఆ కట్టుబాటు. నేను తల తిప్పకుండా ముందు సీటు వెనక రాసిన పేర్లు చదువుకుంటూ కూర్చున్నాను. ఎవరినీ ఏమీ కనిపెట్టకుండా సాగిన ప్రయాణం, ఒళ్లు నొప్పులు పక్కన పెడితే, హాయిగానే ఉంది.

నా పక్కన ఒక నర్సమ్మాయి కూర్చుంది. ఇల్లు తుష్నాబాద్, డ్యూటీ రంగత్‌లో. నేను ఫోన్లో తెలుగులో మాట్లాడడం విని పలకరించింది.

"దీదీ, మీరు తెలుగు సదువుతారా? మాకు మాటాడ్డం వస్తాది, సదవడం రాదు. మా అవ్వేమో వాట్సాప్‌లో తెలుగే రాస్తాది."

"మరెలా చదువుకుంటావు?"

"ఫోనే సదివి పెడతాది. సునో." నొక్కింది. ఫోను ఒక నున్నటి గొంతుతో, పేపర్లో ప్రకటన చదివినట్టు చదివింది: నీకు మేము గుర్తున్నామా లేక మర్చిపోయావా, అన్నం తిన్నావా, తినకపోతే నీ ఇష్టం.

"అక్షరం తప్పు పోదు దీదీ. గానీ అవ్వ గుస్సాలో ఉన్నాదో, ప్యార్‌లో ఉన్నాదో తెలీదు. మీరోపాలి సదవండి."

నేను చదివాను. మా అమ్మ చదివినట్టు చదివాను. ఆ పిల్ల కిటికీ వైపు తిరిగింది. "గుస్సా కాదు" అంది తర్వాత. రంగత్‌లో దిగుతూ, వద్దన్నా వినకుండా, పూరీ సబ్జీ పొట్లం ఒకటి కొని నా ఒళ్లో పడేసి పోయింది.

అక్కడి నుంచి మాయాబందర్ దాకా గుంతలే రోడ్డు. దిగేసరికి ఒళ్లు హూనం. సంచి పైన కట్టిన నా చెప్పుల జత దార్లో ఏ మలుపులోనో జారిపోయింది. కాళ్లకున్న బూట్లే దిక్కు. హెడ్‌ఫోన్లు పోనందుకు సంతోషించాను.

మాయాబందర్ అవతల

జెట్టీ దగ్గర యేసురత్నం నా కోసం నిలబడి ఉన్నాడు. నా వయసువాడే. తాతల నాడు విశాఖ తీరం నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆ ఉప్పుటేటి ఒడ్డున అలాంటి తెలుగిళ్లు ఒక గుప్పెడు, మధ్యలో తెల్ల సున్నం వేసిన చిన్న మందిరం. మాస్టారికి తెలిసిన పాస్టరుగారు చెప్పి నాకు వాళ్లింట్లో బస ఏర్పాటు చేశారు.

"వందనాలమ్మా" అంది అతని భార్య సారమ్మ, గుమ్మంలో. "ఖాడీలో మైకు పెట్టిన గవర్మెంటు మేడమ్ మీరేనా?"

"గవర్నమెంటు కాదు, కాలేజీ. మైకు మీరు చూశారా?"

"మందిరం నుంచి ఒస్తా ఒస్తా సూసినాం. నలుగురొచ్చి నీళ్లలో ఏటో దింపి ఎల్లిపోనారు. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ సెప్పలేదు."

మైకు పెట్టిన కాంట్రాక్టు మనుషులు ఇచ్చిన రిపోర్టులో, ఆ ఏటిలో ఒక్క పడవ కూడా లేదని, మనుషుల అలికిడి లేని మంచి చోటని రాసి ఉంది. ఒడ్డున చూస్తే ఆరేడు డుంగీలు. డుంగీ అంటే ఇక్కడి చిన్న చెక్క పడవ. ఈ ఏటిలో వీళ్లు ఇంజను వెయ్యరు, తెడ్డుతోనే నడుపుతారు. అందుకే ఇంజను చప్పుడు మా రికార్డుల్లో లేదు. ఎక్కడో ఏదో తేడా కొట్టింది గానీ, తల తిప్పే ఓపిక కూడా లేక పండుగప్ప పులుసు తిని పడుకున్నాను.

శనివారం

వెలుతురు వస్తూనే యేసురత్నం, అతని తమ్ముడు నన్ను డుంగీలో ఎక్కించుకున్నారు. రెండు పక్కలా మడ చెట్లు వేళ్లన్నీ బయటపెట్టుకుని నిలబడ్డాయి. చెయ్యి నీళ్లలో పెట్టొద్దన్నారు. మగర్ ఉందట. మొసలి. ఆ మాట ఎంత మామూలుగా చెప్పారంటే, మా వీధిలో కుక్క ఉందన్నట్టే ఉంది.

నా చిన్న మైకు నీళ్లలోకి వదిలి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. రొయ్యల చిటపటలు తప్ప ఏమీ లేదు. వాళ్లు ఏటికి అడ్డంగా వల వేసి, పడవని పైకి తీసుకెళ్లి తిప్పారు. అప్పుడు యేసురత్నం ఒక మడ కర్ర తీసుకుని పడవ చెక్క మీద దబదబా కొట్టడం మొదలెట్టాడు. నా చెవులు అదిరిపోయాయి.

"ఏం చేస్తున్నారు?"

"చేపని బెదిరిస్తన్నామమ్మా. ఈ చప్పుడికి పరిగెత్తి వల్లో పడతాది. మా తాతలూ ఇలాగే కొట్టినారు."

అతను కొట్టడం ఆపాడు. ఆ ఆగిన సందులో విన్నాను. పక్కింట్లో ఎవరో రుబ్బురోలు తిప్పుతున్నట్టు, గుర్రుమని, ఆగి, మళ్లీ గుర్రుమని. నేను అంతవరకూ ఆఫీసులో కంప్యూటరు మీద వందసార్లు విన్న గొంతు. ఇక్కడ నా కింద, నీళ్లలో, ఎక్కడో బతికి ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయని చెప్పడానికి సిగ్గుపడను. ఎన్నేళ్లుగా తాడు పట్టుకుని విన్నానో, ఆ అన్ని ఏళ్లకీ కలిపి ఒకేసారి ఎవరో జవాబిచ్చినట్టయింది.

అతను మళ్లీ కొట్టాడు, ఆపాడు. మళ్లీ పలికింది. వల లాగేటప్పుడు చాలాసేపు కర్ర ముట్టుకోలేదు, అప్పుడు చేప పలకలేదు. అది గమనించాను గానీ ఆ సంతోషంలో పక్కకి నెట్టేశాను. ఆ పలికింది ఏ చేపో, వలలో పడిందేమోనని వెతికాను. పడినవన్నీ నాకు తెలిసినవే. పలికింది పడలేదు.

మధ్యాహ్నం దాటాక ఒడ్డున హడావిడి మొదలైంది. మంచినీళ్లు తెచ్చి వలలు కడిగారు. ఎత్తైన కర్రల మీద ఆరేశారు. డుంగీలన్నీ బురద మీదికి లాగి, తెడ్లు తీసి ఇళ్లలో పెట్టేశారు. మా వైపు రేవుల్లో అలా తెడ్లు దాచడం నేను చూడలేదు. తుఫాను హెచ్చరిక ఏమైనా వచ్చిందేమో అనుకున్నాను.

"రేపు ఎన్ని గంటలకి వెళదాం?" అని అడిగాను యేసురత్నాన్ని.

"రేపెక్కడికమ్మా? ఆదివారం కదా. మా వోళ్లెవరూ నీళ్లలోకి దిగరు. డుంగీ కూడా రెస్టే."

నేను చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను.

మా రికార్డుల్లో వారాల పేర్లు లేవు. మైకు దిగిన రోజు ఒకటో రోజు, తర్వాతది రెండో రోజు, అలా అంకెలే. లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చి వరండాలో పెట్టి, ఫోన్లో కాలెండరు తీసి పక్కన పెట్టాను. మైకు దిగింది ఆదివారం. అందుకే ఆ కాంట్రాక్టు మనుషులకి ఏటిలో పడవ కనబడలేదు. చేప మౌనంగా ఉన్న ప్రతి రోజూ ఆదివారమే. ఒక్కటి తప్పలేదు.

మనిషి చేసే చప్పుడు తీసెయ్యమని మేమే చెప్పాం. అది బుద్ధిగా కర్ర దెబ్బలన్నీ తీసేసి, వాటికి వచ్చిన జవాబు మాత్రం ఉంచింది. ఆ జవాబులు ఆదివారం ఎందుకు లేవో దానికి తెలిసే దారే లేదు. ఐదు కారణాల్లో మందిరం లేకపోవడం దాని తప్పు కాదు.

సారమ్మ వచ్చి నా భుజం మీంచి తెర మీద గీతలు చూసింది. ఏమిటని అడిగితే చెప్పాను. ఇదిగో ఈ గీత ఉంటే ఆ రోజు చేప పలికినట్టు, ఖాళీ ఉంటే పలకనట్టు. ఆదివారాలు కాకుండా ఇంకో మూడు ఖాళీలున్నాయి. వాటిని మైకు చెడిపోయిన రోజులని హిమజ పక్కకి తీసేసి ఎర్రరంగు పూసింది.

"ఇదెప్పుడు?" అంది సారమ్మ మొదటి ఎర్ర ఖాళీ మీద వేలు పెట్టి. తేదీ చెప్పాను. "క్రిస్మస్."

రెండోది శుక్రవారం. "గుడ్ ఫ్రైడే. ఆ రోజంతా మందిరంలోనే."

మూడోది వానాకాలంలో ఒక మంగళవారం. ఆ తేదీ విని ఆమె వేలు తియ్యలేదు. లోపలికి చూసి భర్తని పిలిచింది. "ఏమండీ, ఇలా రండి. అత్తమ్మ పోయిన రోజు ఇందులో ఉన్నాది."

యేసురత్నం వచ్చి వంగి చూశాడు. అమ్మ రాహేలమ్మగారు పోయిన రోజు ఆ ఒడ్డున ఒక్క పడవ కదల్లేదట. అన్ని ఇళ్లవాళ్లూ వచ్చారట. "చప్పుడు లేకపోవడం కూడా రాస్తాదా మెషీను" అన్నాడు.

"రాస్తుంది. ఎందుకు లేదో తెలియక మేం తీసేశాం."

"తీసీకండమ్మా" అన్నాడు. అంతే అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆదివారం

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. షరతు ఏమిటి, ఆ చోటికి వెళ్లి చెవులతో వినడం. విన్నాను. సంతకం పెడితే అబద్ధం కాదు. ఈ ఏటికి నా తర్వాత ఎవరూ రారు, ఆదివారం సంగతి ఎవరూ అడగరు, హిమజకి ఉద్యోగం వస్తుంది, నేను పెన్షన్ కాగితాలు చూసుకుంటాను. కాళ్లు పీకేస్తున్నప్పుడు ఆ ఆలోచన చాలా మెత్తగా ఉంది.

అయితే ఇంకో దారి కూడా ఉంది. నిజంగానే ఆ చేప ఆదివారం పలకదేమో. కర్ర దెబ్బ పడినా సరే పలకదేమో. అప్పుడు హిమజ రాసిందంతా నిజమే అవుతుంది. తేల్చుకోవాలంటే ఆదివారం ఎవరో ఒకరు కర్రతో కొట్టాలి. పొద్దున్నే యేసురత్నాన్ని అడిగాను. అడగకూడదని తెలిసీ అడిగాను.

అతను నొచ్చుకోలేదు. "నేను కొట్టనమ్మా. మీకైతే పట్టింపు లేదు కదా, మీరు కొట్టుకోండి. డుంగీ దింపి కట్టి ఇస్తాను. తాడు మాత్రం విప్పకండి, మగర్ ఉన్నాది."

"డుంగీకి కూడా రెస్టే అన్నారుగా?"

"ఒక్క వారం దేవుడు ఏమనుకోడులెండి. కర్ర పట్టేది మీరు కదా" అంది సారమ్మ, నెత్తిన చెంగు కప్పుకుంటూ. "ఆరు దినాలు మావోడు కొట్టినాడు, ఏడో దినం మేడమ్ కొడతారు. పాపం ఆ చేపకే ఛుట్టీ లేదు."

వాళ్లు మందిరానికి వెళ్లిపోయారు. నేను ఒడ్డుకి కట్టేసిన పడవలో కూర్చుని, మైకు వదిలి, ముందు ఊరికే విన్నాను. మందిరంలో పాట మొదలైంది. గాల్లో పాట, నీళ్లలో నిశ్శబ్దం. చేప పలకడం లేదు. ఎంతసేపు కూర్చున్నా పలకలేదు. ఇంతకాలం చేప గొంతుల వెంట తిరిగిన నేను, మొట్టమొదటిసారి ఒక చేప పలకకూడదని కోరుకున్నాను. ఇలాగే ఉండవే తల్లీ, ఆ పిల్లకి ఉద్యోగం రావాలి అని మనసులో అనుకుని, కర్ర తీసి పడవ చెక్క మీద కొట్టాను.

నాకు కొట్టడం రాదు. అరచెయ్యి మంటెత్తింది. పడవ ఊగి, కూర్చున్నచోటే ఒరిగిపోయి, విప్పి పక్కన పెట్టిన ఒక బూటు నీళ్లలో పడేసుకున్నాను. మొసలి మాట గుర్తొచ్చి దాన్ని తియ్యలేదు. మళ్లీ కొట్టి ఆగాను.

గుర్రుమంది. ఆగింది. మళ్లీ గుర్రుమంది.

మరోసారి కొట్టాను, ఇంకా మొండిగా. మళ్లీ పలికింది. దాని తప్పేముంది. దానికి ఆదివారమని తెలియదు. ఎవరో వస్తున్నారని తెలుసంతే. హెడ్‌ఫోన్ తీసేసి, ఒంటి బూటుతో కూర్చుని, పాట అయిపోయేదాకా ఆ మడ చెట్లని చూస్తూ ఉండిపోయాను. చాలా బాధగా ఉంది.

మందిరం నుంచి వచ్చి సారమ్మ అడిగింది, పలికిందా అని. పలికిందని చెప్పాను. ఆమె నా మొహం చూసి అన్నం వడ్డించింది.

ఆమె ఇచ్చిన హవాయి చెప్పులతో, సిగ్నల్ కోసం జెట్టీ దాకా నడిచి, హిమజకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. వింటున్నావా అని అడిగాను.

"ఉన్నాను మేడమ్" అంది. "మీరు కొట్టారా? మీరే?"

"నేనే. చెయ్యి బొబ్బలెక్కింది."

"మీరు కొట్టకుండా వచ్చేసుంటే బాగుండేది." అని, మళ్లీ వెంటనే, "కాదు మేడమ్. వేరే ఎవరైనా తర్వాత వెళ్లి కొట్టుంటే ఇంకా ఘోరంగా ఉండేది" అంది. ఆ తర్వాత ఏడ్చింది. నేను జెట్టీ మెట్ల మీద కూర్చుని, దూరంగా లంగరు వేసిన షిప్పుని చూస్తూ, ఆ ఏడుపు అయిపోయేవరకూ ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను.

చివరికి అడిగింది, "ఆ మూడో రోజు ఎవరు పోయారన్నారు?"

"రాహేలమ్మగారు. యేసురత్నం వాళ్లమ్మ."

"నేను ఆవిడని ఎర్రరంగు పూసి తీసేశాను" అంది హిమజ.

ఇంటికి వచ్చాక

సంతకం పెట్టలేదు. వ్యాసం వెనక్కి తీసుకున్నాం. ఇంటర్వ్యూకి హిమజ కర్ర పట్టుకుని కుంటుతూ వెళ్లి, అచ్చయిన వ్యాసం లేదని చెప్పి, కుంటుతూ తిరిగొచ్చింది. ఉద్యోగం రాలేదు. నిజం చెప్పి బాగుపడ్డ కథ కాదిది.

చేప మాత్రం నిజంగానే కొత్తది. ఆ మాట ఇప్పటికీ నిలిచే ఉంది. దాన్ని పట్టింది మేం కాదు, ఆ ప్రోగ్రామే. అది లేకపోతే ఇంకో వందేళ్లు ఎవరూ వినేవాళ్లు కాదు. కర్ర కొట్టే యేసురత్నానికీ ఆ గొంతు తెలియదు, నీళ్ల పైన అది వినబడదు. బయల్దేరే రోజు పొద్దున్న హెడ్‌ఫోన్ అతని చెవులకి పెడితే, ఒకసారి కొట్టి, మళ్లీ కొట్టబోతూ కర్ర దించేసి, "ఇన్నాళ్లూ ఇది మా మీద అరుస్తన్నాదా" అన్నాడు. తర్వాత కొట్టాడులెండి. బతకాలి కదా.

హిమజ పని మళ్లీ మొదటి నుంచి మొదలెట్టింది. ఈసారి మనిషి చప్పుడు తియ్యలేదు. దెబ్బా జవాబూ రెండూ పక్కపక్కనే పెట్టి వింటోంది. గీతలకి వారాల పేర్లు రాసింది. ఎర్రరంగు తుడిచేసింది.

మొన్న సారమ్మ ఫోన్ చేసింది. నా బూటు ఏటి మలుపులో మడ వేళ్లకి చిక్కుకుని దొరికిందట, మొసలి తినలేదట. పంపించమంటారా అని అడిగి తనే నవ్వింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మా అత్తమ్మ రోజు ఉంచినారా?" అంది.

"ఉంచాం. పేరు కూడా రాసింది ఆ అమ్మాయి."

"మరి ఆ పిల్లకి నౌకరీ?"

"రాలేదు సారమ్మా."

"ఆ పిల్ల పేరు సెప్పండి. ఆదివారం ప్రార్థనలో అందరం ఆ పేరెత్తుతాం." చెప్పాను. రెండుసార్లు పలికి సరిచూసుకుంది.

సోమవారం ఉదయం మైకు పంపిన ముందురోజు రికార్డు మా గదిలో తెర మీదికి వచ్చింది. ఆదివారం కాబట్టి మామూలుగానే ఖాళీ. దెబ్బ లేదు, జవాబు లేదు. సారమ్మ చెప్పిన మాట నేను హిమజకి చెప్పాను. ఆమె కర్ర గోడకి ఆనించి, తెరకి దగ్గరగా జరిగి, ఆ ఖాళీలో మందిరం వేళ ఎక్కడుందో వెతికి, అక్కడ వేలు పెట్టింది.